కామాక్షమ్మ పోయిన కబురు

చచ్చిపోయిన మనిషి ట్రాము టికెట్టు కొనాలా అక్కర్లేదా అనిపించి కామాక్షమ్మకి నవ్వు రాబోయింది, కండక్టరు వేళ్ళ సందుల్లో టికెట్ల కట్టలు టకటకలాడిస్తూ దీదీ టికెట్ అంటున్నాడు, అంటే ఇతని కంటికి తాను కనిపిస్తున్నట్టే కదా, కొంగుముడి విప్పి చిల్లర తీసింది, అతను తీసుకుని ముందుకి వెళ్ళిపోయాడు, దయ్యం ఇస్తే తీసుకునేవాడా ఏమిటి, కానీ ఆ పాస్‌పోర్టు ఆఫీసులో కళ్ళజోడు బాబు కిటికీ అవతల్నించి ఎంత తాపీగా అన్నాడు, పాన్ నములుతూ, దరఖాస్తు పెట్టిన మనిషి బతికి లేదని పోలీసు రిపోర్టు వచ్చింది, మారా గేఛే, పోయిందట, నువ్వు ఆవిడకి ఏమవుతావు అని, ఏమవుతుంది తాను, అక్కవుతుందా చెల్లెలవుతుందా, నేనే బాబూ ఆ కామాక్షమ్మని అంటే అతను కాగితం మీది ఫొటో చూశాడు, తన మొహం చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు, ఇంతమంది మధ్య ఒళ్ళంతా చల్లబడిపోయింది ఆ చూపుకి, ఠాణాకి వెళ్ళి తేల్చుకో, అక్కడ విచారణ చేసినవాళ్ళు మార్చి రాస్తేనే మేము ఏదైనా చెయ్యగలం, తర్వాతవాళ్ళు రండి అన్నాడు, వెనకవాళ్ళు తోసుకుని ముందుకొచ్చేశారు, బతికున్నవాళ్ళకి తొందర ఎక్కువ మరి, ఆమె కాగితాల కవరు చంకలో పెట్టుకుని మెట్లు దిగి ఖిదిర్పూర్ ట్రామెక్కింది.

ఎవరు చెప్పి ఉంటారు, ఇంకెవరు చెబుతారు, వాట్‌గంజ్ సందులో ఆ ఒక్క గదిలో ఉండేది తానూ అత్తా ఇద్దరే, మొగుడు పోయిన ఇద్దరు ఆడవాళ్ళు, పొద్దున్నే తాను బాసుగారింటికి పనికి పోతే మిగిలేది జగ్గమ్మ ఒక్కతే, ముసలిదే చెప్పింది, ఇంకెవరూ కాదు, ఎలా తెలిసిందో తెలిసిపోయింది దానికి తాను మస్కట్ వెళ్ళే సంగతి, ఎంత జాగ్రత్తపడింది తాను, ఆ నోట్లో నువ్వుగింజ నానదు, చెబితే సందుకెక్కి ఏడుస్తుందని ఫారం కూడా యూనియన్ ఆఫీసులో కోదండంగారి చేత నింపించుకుంది, ఆయన చెప్పనే చెప్పాడు, అమ్మా, విచారణకి ఎవడో ఒకడు మామూలు బట్టల్లో మీ ఇంటికొస్తాడు, ఇంట్లో చెప్పి ఉంచండి అని, ఊఁ అని తలూపింది, చెప్పలేదు, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం, ఇదిగో ఇక్కడికొచ్చింది, ట్రాము మైదానం మధ్యలో ఆగిపోయింది, అడ్డంగా ఎర్రజెండాల ఊరేగింపు, చలబే నా చలబే నా అని అరుస్తున్నారు, ఏది చెల్లదంటున్నారో ఈ వేళ, ఎండకి పట్టాలు మెరుస్తున్నాయి, మస్కట్‌లో ఎండ ఇంకా ఎక్కువట, ఝుమా ఫోన్లో చెప్పింది, బాసుగారమ్మాయి, తన చేతుల్లో పెరిగిన పిల్ల, ఇప్పుడు కడుపుతో ఉంది, మాషీ, నువ్వు రాకపోతే నేను కననే కనను అని ఏడ్చింది, పిచ్చిపిల్ల, అయినా తాను వెళ్ళాలనుకున్నది ఝుమా కోసమేనా, ఒట్టు పెట్టి చెప్పమంటే చెప్పగలదా, వెళ్ళాలనుకున్నది రెండేళ్ళపాటు ఆ మాట వినక్కర్లేదని, నా కొడుకుని మింగీసినావు, కూర ఉప్పగా ఉన్నా అదే మాట, కుళాయి దగ్గర ఆలస్యమైనా అదే మాట, తన మొగుడు సూరన్న పోయి ఎనిమిదేళ్ళయినా నిన్న పోయినట్టు అదే మాట, సముద్రం దాటితే తప్ప ఆ మాట వినబడని చోటు లేదని కదా ఈ కాగితాలన్నీ, ముసలిది ఒక్క ముక్కతో తేల్చేసింది, కోడలు వెళ్ళేదేమిటి, కోడలే లేదంది.

అలాగని, ఏమో, కావాలని అనలేదేమో కూడా, ఆ సందు సంగతి తనకి తెలియనిదా, కొత్త మొహం ఎవరైనా వచ్చి ఫలానా మనిషి ఇల్లెక్కడ అంటే చాలు, ఆ మనిషి అయితే దేశం, అదే సొంతూరు, వెళ్ళిపోయాడు, లేకపోతే చచ్చిపోయాడు, వచ్చినవాడు పోలీసు కానీ, కోర్టు బంట్రోతు కానీ, అప్పులిచ్చిన కాబూలీవాడు కానీ, పిడుగుకీ బియ్యానికీ ఒకటే మంత్రం, జెట్టీ కూలీలు బస్తాలోంచి గుప్పెడు జీడిపప్పు జేబులో వేసుకుని పోలీసులకి దొరక్కుండా తిరిగిన రోజులనాటి అలవాటు, తాతలు మానేసినా మనవలు మానలేదు, పక్క గది కూర్మయ్య మావని సందు ఇప్పటికి మూడుసార్లు చంపింది, మొన్నొకసారి అయితే కామాక్షమ్మే చంపింది, కొంగు నోట్లో కుక్కుకుని మరీ, అప్పుడాయన పక్క గదిలో మంచం కింద పడుకుని దగ్గు ఆపుకోలేక చస్తున్నాడు, పోయాడన్న పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని తర్వాత నవ్వుకున్నారు అందరూ, కాబట్టి ముసలిదీ అలాగే అనేసిందేమో, అనేసి ఊరుకుందా మరి, ఊరుకోలేదు, అవును, ఆ రోజు, చైత్రంలో ఒక సాయంత్రం తాను ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలోనే ఆపేసింది, ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి బొగ్గులపొయ్యిలో పడేసింది, ఏటత్తా ఇది అంటే నోరు ముయ్యమంది, పైగా బొచ్చెచేప తలకాయ తన కంచంలో వేసింది, పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆ తలకాయ మగవాళ్ళకే, మగవాళ్ళు పోయాక ముసలిదే తినేది, ఆ రోజు తన కంచంలో వేసి, తినీ అని, కంట్లో నలుసు పడిందని మొహం అటు తిప్పుకుంది, అప్పుడు అనుకుంది ముసలిదానికి మతి తప్పుతోందని, అదే రోజు అన్నమాట, అదే రోజు తనని చంపి, సాయంత్రం పీడ పోవాలని దిష్టి తీసింది, ట్రాము కదిలింది, కానీ పగతో చంపినవాళ్ళు చేప తలకాయ పెడతారా, పెట్టరు, లోపల ఏదో వదులైనట్టయింది, వదులైనందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

ఠాణాలో విచారణ బాబు కుర్చీకి తువ్వాలు వేసుకుని మట్టి ముంతలో టీ తాగుతున్నాడు, బట్టతల, మంచి మొహమే, కాగితం అందుకుని పేరు చదివి, ఫొటో చూసి, తలెత్తి చూశాడు, అంతే, ఓరే బాబా అని లేచి నిలబడ్డాడు, టీ ఒలికి చొక్కా మీద పడింది, పోలీసువాడు తనని చూసి భయపడటం ఈ జన్మలో ఇదే మొదలు, నువ్వు, నువ్వు, అన్నాడు, నేనే బాబూ, చావలేదు అంది, అతను కూర్చుని చొక్కా తుడుచుకుని కోపంగా మొదలెట్టాడు, పోలీసుకి అబద్ధం చెప్పడమంటే ఏమిటో తెలుసా మీకు, వేలిముద్ర కూడా వేసింది మీ ముసలమ్మ అని, మొదలెట్టినవాడు మధ్యలోనే మెత్తబడిపోయాడు, నేను ఎన్ని ఇళ్ళు తిరిగానమ్మా, కోడలు పోతే అంతలా ఏడ్చిన అత్తని చూడలేదు, కామాక్షమ్మ ఇల్లు ఇదేనా అన్నానో లేదో గుండెలు బాదుకుంది, బహూ మర్ గయా బాబూ, బహూ మర్ గయా అని, నన్ను కదలనివ్వలేదు, గుమ్మంలో కూలబడి చెప్పుకుంటూ పోయింది, బంగారంలాంటి పిల్లట, ఎదురు మాట తెలియదట, ఒంటిచేత్తో కొంప నడిపిందట, చిన్నప్పుడే పోయిన తన కూతురు బతికినా ఇంత చూసేది కాదట, మా ఇంట్లో మా అమ్మ మా ఆవిడ గురించి బతికుండగా కాదు కదా చచ్చాక కూడా అలా అనదు అని నవ్వాడు, కామాక్షమ్మకి చెవుల్లో హోరు మొదలైంది, బంగారంలాంటి పిల్లట, ఎవరు, ఎవరి గురించి, చచ్చినవాళ్ళ కళ్ళు చారెడని ఊరికే అన్నారా, బతికున్న ఇన్నాళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా, ఒళ్ళు వెచ్చబడితే చెయ్యి వేసి చూసిందా, ఆ మాటలన్నీ ఎక్కడ దాచింది, దాచి దాచి తీసుకెళ్ళి ముక్కూమొహం తెలియని పోలీసువాడి ముందు పొయ్యాలా, బెంచీ మీద కూర్చుండిపోయింది, కూర్చోమని అతను అనకుండానే.

అతను చెబుతూనే ఉన్నాడు, ఏం జబ్బు చేసిందని అడిగాను, రాసుకోవాలి కదా, కామెర్లట, కళ్ళు పసుపుముద్దల్లా అయిపోయాయట, కామెర్లా, తనకి కామెర్లు ఎప్పుడొచ్చాయి, వారం రోజులు మంచం దిగలేదట, అన్నం వాసన పడేది కాదట, ఆఖరి రోజు సాయంత్రం కాస్త తేరుకుని చెరకురసం కావాలని అడిగిందట, చెరకురసం తనకి అసలు పడదే, నాలుక మీద పీచు వాసన, ఈ ముసలిదానికి కట్టుకథ కూడా సరిగ్గా రాదు అనుకుంది, అతను చెబుతున్నాడు, చీకటి పడుతోంది, ఈయేల్టికి పడుకో, రేపు పొద్దున్నే తెస్తానని ముసలమ్మ అందట, అంటే పోనీలే అమ్మా, రేపే తాగుతాను అని గోడవైపు తిరిగిందట, ఇంకా తెల్లారకముందే ముసలమ్మ చెంబు పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళి నిలబడిందట, బండివాడు వచ్చి మొదటి చెంబు పిండి ఇచ్చాడట, తెచ్చేసరికి ఒళ్ళు చల్లబడిపోయి ఉందట, ఆ చెంబు ఏం చెయ్యాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డానని, ఇదిగో ఇలా చెయ్యి చాపి చూపించింది, ఆ తర్వాత నేనేం రాసుకోగలనమ్మా, పోయింది అని రాశాను అన్నాడు, అమ్మా అందట, కోడలు అత్తని అమ్మా అంటుందా, అత్తా అంటుంది కానీ, అమ్మా అనేది ఒక్కడే, సూరన్న, కామెర్లు సూరన్నకి, పసుపుముద్దల్లాంటి కళ్ళు సూరన్నవి, ఆ రోజు ఝుమాకి టైఫాయిడు, రాత్రికి తోడుండమని బాసుగారి ఆవిడ చేతులు పట్టుకుంటే, వెళ్ళే, నాకేటి, బాగానే ఉన్నాను అని సూరన్నే పంపించాడు, పొద్దున్న కూర్మయ్య మావ బాసుగారి మెట్ల కింద నిలబడి పైకి రాకుండా, పిలవకుండా, అలా నిలబడిపోయాడు, తాను వచ్చేసరికి సూరన్నని చాపమీదకి దించేశారు, ముసలిది గోడకి ఆనుకుని ఉంది, ఒక్క చుక్క కన్నీరు లేదు, కొడుకు పోతే ఏడవని తల్లి అని సందు చెవులు కొరుక్కుంది, అన్నది ఒక్కటే మాట, పరాయిపిల్లకి పంకా ఇసరడానికి పోయి నా కొడుకుని మింగీసినావు, సూరన్న చెరకురసం అడిగాడని తనకి తెలియదు, ఆఖరిగా ఏమన్నాడత్తా అని కాళ్ళు పట్టుకుని అడిగితే, ఏటీ అన్లేదు, నిదరోనాడు అంది, ఏమీ అనలేదంది, ఎనిమిదేళ్ళ తర్వాత, ఈ ఠాణా బెంచీ మీద, ఈ టీ మరక చొక్కావాడి నోటివెంట, తన చావు కబురులో, మొగుడి ఆఖరి మాట వింది, పోనీలే, రేపే తాగుతాను.

నోట్లో నువ్వుగింజ నానదనుకున్న ముసలిది ఎంత దాచింది, బాబు ఇంకా ఏదో అంటున్నాడు, రేపు ఆవిణ్ణి తీసుకురా, నా ఎదురుగా నా కోడలు ఇదిగో బతికే ఉందని చెప్పాలి, మళ్ళీ వేలిముద్ర వెయ్యాలి, అప్పుడు నేను మార్చి రాస్తాను, నీ పాస్‌పోర్టు నీకొస్తుంది, కానీ ఒక్క సంగతి మాత్రం ఆవిణ్ణే అడగాలి, నాకు రెండు రోజులు అన్నం సయించలేదు తెలుసా, అది కట్టుకథ కాదు, ఎవరో పోయారు అలాగ, ఎవరు పోయారని అడుగుతాను, సరే బాబూ అంది, ఏం విని సరే అందో, బయటికొచ్చాక అర్థమైంది, తాను బతికున్నట్టు కావాలంటే ముసలిది ఆ మాట నలుగురి ముందు బయటపెట్టాలి, ఎవరు దాహమన్నారో, ఎవరు రేపన్నారో, ఎనిమిదేళ్ళు గొంతులో పెట్టుకుని నీళ్ళు మింగినట్టు మింగుతున్న మాట, అందుకే చెరకురసం బండిని సందు మొగలో నిలబడనిచ్చేది కాదు, ఈగలు ముసురుతాయని అంట్లనీళ్ళు పోసింది ఒకసారి బండివాడి మీద, వేడికి పైత్యం ఎక్కిందన్నారు అందరూ, తానూ అంది, అందుకే ఆ మాట, మింగీసినావు మింగీసినావు అని, ఒకసారి ఆపితే ఆ మాట వచ్చి తనమీద పడుతుందని, ఆపకుండా తోస్తూ వచ్చింది కోడలి మీదకి, దుర్మార్గం కాదూ, దుర్మార్గమే, ఎనిమిదేళ్ళు తాను నిజమేనేమో అని నమ్మింది, నిజంగా మింగానేమో అని ఎన్ని రాత్రులు, రేపు లాక్కెళ్ళాలి, ఠాణాలో నిలబెట్టాలి, చెప్పు, ఎవరు మింగారో చెప్పు అని అడగాలి, కాళ్ళు వాటంతటవే ట్రాము డిపో మూల మలుపు తిరిగాయి, అక్కడ చెరకురసం బండి, పొద్దు వాలుతోంది, ఎందుకో ఆగింది, గ్లాసు రసం ఇయ్యి అంది, ఎప్పుడూ తాగని మనిషి, బండివాడు చక్రం మీద బకెట్ నీళ్ళు కుమ్మరిస్తున్నాడు, తలెత్తకుండానే, అయిపోయింది దీదీ, మిషను కడిగేశాను, కాల్ ఆష్బేన్, రేపు రండి అన్నాడు.

రేపు రండి అని ఎంత మామూలుగా అన్నాడు, కామాక్షమ్మ ఆ తడి చక్రం వైపు చూస్తూ నిలబడిపోయింది, అతను దీదీ పక్కకి జరగండి అనేదాకా.

గుమ్మంలో జగ్గమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరుతోంది, ఏలే ఇంత ఆలీసం, మొకం అలగుందేటి అంది, కామాక్షమ్మ చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చుని చెప్పేసింది, మస్కట్ సంగతి, పాస్‌పోర్టు సంగతి, ఆ వచ్చినవాడు పట్టుకుపోవడానికి వచ్చినవాడు కాదని, ముసలిది నోరు తెరుచుకుని వింది, ఓలమ్మా, నిన్నట్టుకుపోతాడేటో అని బయపడిపోనానే, నిన్నూ అట్టుకుపోతే నాకెవులున్నారే అంది, రేపు ఠాణాకి రావాలత్తా, నాను బతికే ఉన్నానని నువ్వు సెప్పాలి అంటే చేట మీద వేళ్ళు ఆగిపోయాయి, మరి ఆడు అడిగితేనో అంది తలెత్తకుండా, ఏటడుగుతాడు అంది కోడలు, ఎవులు సచ్చిపోనారని, ముసలిదాని ఆ గొంతు అంత చిన్నదిగా ఉంటుందని కామాక్షమ్మకి ఎప్పుడూ తెలియదు, లాక్కెళ్ళి నిలబెట్టాలనుకున్నది ఈ మనిషినా, మెడమీద నరాలు తాళ్ళలా తేలిన ఈ మనిషినా, అడిగితే నాను సెప్తాను అంది కామాక్షమ్మ, పోనోడు నా పెనిమిటి బాబూ, సెరుకురసం అడిగితే రేపు తెస్తానన్నది నానే అని సెప్తాను, ముసలిది తలెత్తింది, పిడుగు పడ్డట్టు చూసింది, చేట ఒళ్ళోంచి జారి బియ్యం గడప అవతలదాకా పోయాయి, నువ్వక్కడ లేవు కదే, నువ్వెలగంటావు అంది, నానుంటే మాత్రం ఏటందునత్తా, ఆ పొద్దుకాడ బండేది, నానూ రేపే అందును, ముసలిదాన్ని ఊరుకోబెట్టడానికి అన్న మాట అనుకుంది, అన్నాక తన చెవులతో తానే విని ఉలిక్కిపడింది, ఊరుకోబెట్టడానికి కాదు, అది నిజం, ఆ సాయంత్రం ఆ మంచం పక్కన తానున్నా రేపే అనేది, కూర్మయ్య మావ ఉన్నా రేపే అనేవాడు, ఎవరికి తెలుసు రేపు రాదని, జగ్గమ్మ బియ్యం ఎత్తబోయి ఎత్తలేక ఆ పిడికిలితోనే నోరు మూసుకుని ఏడుస్తోంది, కామాక్షమ్మ ఆ వీపు మీద చెయ్యి వేసింది, ఈ ఇంట్లో ఇన్నేళ్ళకి మొదటిసారి, ఇంక మస్కట్ వెళ్ళినా ఆ మాటనుంచి పారిపోయి వెళ్ళక్కర్లేదు, వెళ్తే ఝుమా కోసం వెళ్తుంది, మళ్ళీ వస్తుంది, బండి కడిగేసిన వేళకి ఆ మనిషికి దాహమేసింది, అంతే, సూరన్నని ఎవరూ మింగలేదు, తానూ మింగలేదు, అత్తా మింగలేదు.